కొంగల లెక్క

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. శని, ఆదివారాలు యార్డుకు సెలవు. ఆ రోజుల్లో తెల్లవారకముందే లేచి చెరువుగట్ల మీద పిట్టల్ని లెక్కపెట్టే గుంపులో నేనూ ఒకణ్ణి. మా లెక్క వల్ల ఒక ఊరి చెరువులో గూళ్ళు నిలబడ్డాయని విన్నవాళ్ళు ఫోన్లు చేసి, "మా ఊళ్ళో కూడా చెట్లు కొట్టేయబోతున్నారండీ, మీరేం చేశారో చెప్పండి" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా మొదటి నుంచీ రాస్తే నయమనిపించింది. ఊరి పేరు మాత్రం రాయను. గూళ్ళున్న చోటు బయటపెట్టకూడదన్నది మా గుంపులో అందరం అనుకున్న కట్టుబాటు. తెనాలి వైపు అని మాత్రం చెప్పగలను.

ఉప్పలపాడు చూడకపోతే నేను ఇందులోకి వచ్చేవాణ్ణి కాదు. పెదకాకాని మండలంలో చిన్న ఊరది. చెరువు కూడా ఏమంత పెద్దది కాదు. చలికాలంలో ఆ కాస్త నీళ్ళ మధ్య చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లలో ఒక రకం), ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కిక్కిరిసిపోతాయి. చెట్లు చాలక నీళ్ళలో ఇనప స్టాండ్లు నిలబెడితే వాటినీ వదల్లేదు. గూడబాతు లాంటి అంత పెద్ద పక్షి, ముక్కు కింద సంచి వేలాడేసుకుని, ఇళ్ళ పక్కనే, జనం మాటలు వినపడేంత దగ్గర్లో పిల్లల్ని పెంచుకుంటుంటే ఎంతసేపు చూశానో నాకే తెలియలేదు.

ఈ గూడబాతు గూడు కట్టేది మన దేశంలోనూ, శ్రీలంక, కంబోడియా లాంటి కొద్ది చోట్లా మాత్రమే. 1946లో కె.కె. నీలకంఠన్ అనే ఆయన పశ్చిమ గోదావరి జిల్లాలో వీటి గూళ్ళ గుంపు పెద్దదాన్ని కనిపెట్టి, దాని గురించి వివరంగా రాశారు. కొల్లేరు చుట్టుపక్కల ఉండే ఆ గూళ్ళ గుంపు 1970లలో ఖాళీ అయిపోయింది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేరింది. అయినా అంత పెద్ద సరస్సు చేపల చెరువుల కింద ఎంత నలిగిపోయిందో కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద నీళ్ళు ఆగమైపోతే పిట్టలకు దిక్కు ఊరి చెరువులే. ఈ మాట ఉప్పలపాడులో నాకు చెప్పినావిడ గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ మేడమ్. గట్టు మీద ఇద్దరు ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏదో రాసుకుంటున్నారు. "ఏం రాస్తున్నారమ్మా?" అని అడిగాను.

"లెక్కండీ. ఏ పిట్ట ఎన్నుందో."

లెక్క అనేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. పొద్దస్తమానం నేను చేసే పనే అది. మర్నాడు ఆదివారం వస్తానని చెప్పి ఫోన్ నంబరు తీసుకున్నాను.

మా గుంపు పెద్దదేం కాదు. మేడమ్, ఆవిడ స్టూడెంట్లు కొందరు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన, నేను. ఆ పెద్దాయన్ని అందరం బాబాయిగారూ అంటాం. అందరికీ కలిపి మొదట్లో ఉన్నది ఒకటే బైనాక్యులర్, 8 బై 42. అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఆ సైజు సరిపోతుంది. ఇంకా పెద్ద నంబరు తీసుకుంటే చెయ్యి వణికి బొమ్మ నిలవదు.

పద్ధతి చెప్తాను. ఒకే చెరువు, ఒకే గట్టు, ఒకే వేళ. పావుగంటకు తక్కువ కాకుండా నిలబడి కనిపించిన ప్రతి పిట్టనూ, వినిపించిన ప్రతి పిట్టనూ రాయాలి. కాకి, గోరింక, పావురం అన్నీ. "కాకిని కూడా రాయాలా మేడమ్?" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. మేడమ్ అప్పుడు ఊరపిచ్చుక సంగతి చెప్తారు. మన చిన్నప్పుడు ప్రతి ఇంట్లో ఫొటో ఫ్రేముల వెనక గూళ్ళు పెట్టేది. కోతలయ్యాక వరికంకుల కుచ్చులు అల్లి వసారాలో వేలాడదీస్తే వాటి మీద వాలి గింజలు ఒలుచుకునేది. అప్పుడు దాన్ని లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఎంత తగ్గిందో చెప్పమంటే పాత అంకె లేదు. కాకినీ గోరింకనూ ఇవాళ రాసిపెట్టేది అందుకే.

రాసింది రాసినట్టు ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తాం. అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ 2002లో మొదలుపెట్టిన వ్యవస్థ అది. పైసా ఖర్చు లేదు. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది, ఇంటికొచ్చాక పంపుకోవచ్చు. ఆ కాలంలో ఆ చోట ఉండని పిట్ట పేరు రాస్తే రివ్యూ చేసే వాలంటీరు మెయిల్ పెట్టి, ఫొటో ఉందా, ఏ గుర్తులు చూసి చెప్పారు అని అడుగుతారు. కొందరికి అది చిన్నతనంగా ఉంటుంది. నాకు మాత్రం ఆ అడగడమే నచ్చింది. కాటా వేసిన సరుకును ఇంకోసారి చూసుకునే కొట్టు మీదే రైతుకు నమ్మకం.

ఇట్లా దేశమంతా మామూలు జనం రాసిన జాబితాల మీదే 2023లో భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. 30 వేలకు పైగా జనం రాసిన 3 కోట్ల నమోదులు. 942 జాతుల్ని పరిశీలించి, వాటిలో 178 జాతుల్ని వెంటనే పట్టించుకోవాల్సినవిగా తేల్చారు. తగ్గిపోతున్న వాటిలో మన పాలపిట్ట ఉంది. దసరా నాడు ఊరి బయటికి వెళ్ళి చూసి దణ్ణం పెట్టుకునే పిట్ట. మాకు సరుకు తెచ్చే రైతుల్ని నేను అడుగుతుంటాను, చేలో పాలపిట్ట కనపడుతోందా అని. "కరెంటు తీగ మీద ఒకటీ అరా" అంటారు. మిరపచేలో పురుగుల్ని ఏరుకుతినే పిట్టది. పురుగు చచ్చిపోయే మందు వరస పెట్టి కొడుతుంటే అదేం తిని బతుకుతుంది? చేలో కర్రలు పాతి పక్షి స్థావరాలు పెట్టమని వ్యవసాయ శాఖ వాళ్ళు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పసులపోలిగాడు అనే పిట్ట వచ్చి ఆ కర్ర మీద కూర్చుని శనగపచ్చ పురుగుల్ని పట్టేస్తుంది. పెట్టిన రైతులున్నారు, పెట్టి మళ్ళీ మామూలుగానే మందు కొట్టినవాళ్ళూ ఉన్నారు. ఆ సంగతి ఇంకోసారి రాయాలి.

ఎగిరే గుంపును లెక్కపెట్టడం నాకు తొందరగానే పట్టుబడింది. లారీ మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసకు ఎన్నో చూసుకుని వరసల్ని లెక్కేస్తాం కదా, అంతే. పది పిట్టలు ఎంత మేర ఉన్నాయో కంటితో కొలుచుకుని, ఆ మేరలు మొత్తం మీద ఎన్నొచ్చాయో చూసుకోవాలి. సాయంత్రం గూటికి చేరే కొంగలకైతే గట్టు మీద ఇద్దరం చెరోవైపు తిరిగి కూర్చుని, ఐదేసి నిమిషాలకు ఎన్నొచ్చాయో గీతలు గీసుకుంటాం.

గూళ్ళ లెక్క వేరు. అది కష్టం. చెట్టంతా ఆకులు, రెట్టలు, పుల్లలు. ఒకే కొమ్మ మీద మూడు జాతులుంటాయి. మొదట చెట్టును నాలుగు భాగాలు చేసుకుంటాం. ఒక్కో భాగానికీ ఫొటో తీసి, ఇంటికొచ్చాక ఫొటో మీద గూటికో చుక్క పెడతాం. ఇద్దరు విడివిడిగా లెక్కవేస్తారు, తేడా వస్తే మళ్ళీ చూస్తారు. ఆ తర్వాత గూడు ఏ దశలో ఉందో రాసుకోవాలి. పుల్లలు మోస్తోందా, గుడ్ల మీద కూర్చుందా, తెల్లటి నూగుతో పిల్లలున్నాయా, పిల్లలకు రెక్క ఈకలు వచ్చాయా. ఈ ఆఖరి సంగతి ఎందుకు రాయాలో నాకు మొదట్లో అర్థం కాలేదు. తర్వాత మమ్మల్ని గట్టెక్కించింది అదే.

ఒక నియమం మాత్రం గట్టిగా చెప్పాలి. చెట్టు దగ్గరికి పోకూడదు. మనం దగ్గరికెళ్ళితే తల్లి లేస్తుంది. తల్లి లేచిన రెండు నిమిషాల్లో కాకి గుడ్డు పట్టుకుపోతుంది. ఎండ ముదిరితే నూగు పిల్లలు తట్టుకోలేవు. మిట్టమధ్యాహ్నం ఎర్రకాళ్ళ కొంగ గూటిలో రెండు రెక్కలూ విప్పి, సూర్యుడికి వీపు పెట్టి, పిల్లల మీద నీడ పడేటట్టు నిలబడుతుంది. సూర్యుడు జరిగితే అదీ జరుగుతుంది. నోరు తెరిచి రొప్పుతూనే ఉంటుంది గానీ రెక్క దించదు. ఒకరోజు దాన్ని బైనాక్యులర్‌లో చూస్తూ బాబాయిగారు మాట్లాడకుండా కళ్ళు తుడుచుకున్నారు.

ఇక మొదట చెప్పిన, గూళ్ళు నిలబడ్డ ఆ ఊరి చెరువు సంగతి. ఊరికి తూర్పున ఉంటుంది. నడిమధ్యలో చిన్న తిప్ప, తిప్ప నిండా సర్కారు తుమ్మ. ఆ ఊళ్ళో గేదెల్ని మేపే ఒక పెద్దాయన మాకు సగం పాఠాలు చెప్పాడు. గుడ్డికొంగ, బుచ్చిగాడు, జెముడుకాకి, బొల్లికోడి, చింతవొక్కు అని వేలు పెట్టి చూపించేవాడు. తీతువు అరుస్తుంటే మాత్రం చూపించేవాడు కాదు, అపశకునమని మొహం తిప్పేసుకునేవాడు. గట్టు మీద కంకర్రాళ్ళ మధ్య అది పెట్టిన గుడ్లను మేడమ్ దూరం నుంచి చూపించారు. రాయికీ గుడ్డుకూ తేడా తెలియలేదు. మనిషో కుక్కో ఆ గుడ్ల మీద అడుగేస్తుందని భయపడి అది అట్లా గోలపెడుతుందని చెప్పారు. తర్వాతి వారానికి ఆ పెద్దాయన గేదెల్ని ఆ వైపు నుంచి తోలడం మానేశాడు. మేమెవరం చెప్పలేదు.

ఆ చెరువు మీద మా నెలవారీ లెక్కలు అప్పటికి రెండు చలికాలాలవి ఉన్నాయి. మూడో ఏడు జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన కోసం వెళ్ళాం. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే లెక్క అది. లెక్కయ్యాక టీ తాగుతుంటే తెలిసింది, పంచాయతీ చెరువు పూడిక తీయిస్తోందని. మాఘమాసం పెళ్ళిళ్ళు అయ్యాక జేసీబీ వస్తుందట. ముందు తిప్ప మీద తుమ్మ మొత్తం కొట్టేస్తారట. ఒత్తిడి చేస్తున్నది చెరువు పాటదారు. అంటే చేపలు పెంచుకోవడానికి చెరువును వేలంలో పాడుకున్నాయన.

మేడమ్ స్టూడెంట్లు ఇద్దరు అప్పటికప్పుడు పేపరువాళ్ళను పిలుద్దామన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. "ఊరివాళ్ళను దోషుల్ని చేసి పేపర్లో వేశాక వాళ్ళు మనతో మాట్లాడరు. ముందు ఆ పాటదారు ఏమంటాడో విందాం" అన్నారు. నేను చూసినంతలో, ఇలాంటి గొడవలు చాలావరకు చెడేది ఇక్కడే. ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు ఊరిని తిడతారు. ఊరివాళ్ళకు పంతం వస్తుంది. చెట్లు ఇంకో నాలుగు రోజులు ముందే కూలిపోతాయి.

పాటదారు గట్టు మీదే షెడ్డులో ఉన్నాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"మాస్టారూ, లక్షలు పోసి పాట పాడుకున్నా. పిల్ల వదిలిన కాడ్నుంచీ ఈ కొంగలు మేస్తానే ఉన్నయ్యి. మీకు చూట్టానికి అందంగా ఉంటయ్యి. పోయేది నా సొమ్ము కదండీ."

"అన్నీ చేపలు తినవండీ" అన్నాను.

"కొంగలన్నాక చేపలు తినక ఏం తింటయ్యి? కొంగలు కొంగలే. వాటిల్లో మళ్ళా రకాలేందండీ?"

ఆయన అడిగింది సమంజసమైన ప్రశ్న. దానికి మా దగ్గర జవాబు కాగితం మీద ఉంది. ఆ వారం తిప్ప మీద గూళ్ళు నూటపది దాకా ఉన్నాయి. అందులో అరవై పైచిలుకు నత్తగుల్ల కొంగవి. ముప్పై దాకా తెల్ల కంకణాలవి. ఎర్రకాళ్ళ కొంగవి ఎనిమిది. మిగిలినవి నీటికాకులవి. నత్తగుల్ల కొంగ బతికేది ప్రధానంగా గుల్లల మీద. తెల్ల కంకణం పొలాల బురదలో ముక్కు గుచ్చుకుంటూ పురుగులు, ఎర్రలు, కప్పలు, దొరికితే చిన్నాచితకా చేపలు తింటుంది. చేపల మీదే బతికేవి నీటికాకి, ఎర్రకాళ్ళ కొంగ. ఆ రెండూ కలిపి ఐదో వంతు లేవు. ఆ ఎర్రకాళ్ళ కొంగ కూడా మోకాలి లోతు నీళ్ళలో ముక్కు తెరిచి పెట్టుకుని తగిలిన చిన్న చేపను పట్టేదే గానీ లోతు నీళ్ళలో దిగేది కాదు.

కాగితం చూపిస్తే ఆయన నవ్వాడు. "మీరు రాసుకున్నదే కదండీ" అన్నాడు. అదీ నిజమే. దాంతో బాబాయిగారు లేచి, "రేపు పొద్దున ఒక గంట మాతో రండి, మీ కళ్ళతో మీరే చూడండి" అన్నారు.

వచ్చాడు. చెరువు కింద వరిపొలాల మురుగుకాలువ దగ్గరికి తీసుకెళ్ళాం. నత్తగుల్ల కొంగలు పాతిక దాకా బురదలో నిలబడి ఉన్నాయి. స్టాండు మీద పెట్టే టెలిస్కోప్ ఒకటి మేడమ్ కాలేజీ నుంచి తెచ్చారు. ఆయన కన్ను పెట్టాడు. దాని ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అక్కడ పై ముక్కూ కింది ముక్కూ కలవవు. గుల్లలోంచి మాంసం లాగేది ముక్కు కొసలతోనే. తల నీళ్ళలో ముంచి, కదలకుండా, మెడ మాత్రం సన్నగా వణుకుతుండగా కొంతసేపు ఉంటుంది. పైకి లేచేసరికి ముక్కు కొసన నత్త మాంసం ఒక్కటే వేలాడుతుంటుంది. గుల్ల నీళ్ళలోనే ఉండిపోతుంది. ఆయన ఒకదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు, తర్వాత టెలిస్కోప్ వదల్లేదు. గట్టు పక్కన ఖాళీ గుల్లలు బోలెడు పడి ఉన్నాయి. మూత ఊడిపోయి, గుల్ల మాత్రం చాలావరకు పగలకుండా ఉంది. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "దీన్ని కొట్టకుండా ఎట్టా తీసిందండీ?" అన్నాడు. ఆ ప్రశ్న వినగానే మాకు పని సగం అయినట్టే అనిపించింది.

నీటికాకి సంగతి మేము దాచలేదు. అది చేపలు తింటుంది, చెప్పాం. అయితే ఆయన పిల్ల వదిలింది వానాకాలంలో. ఫిబ్రవరి నాటికి ఆ చేప అరకిలో దాటి ఉంటుంది. దాన్ని చిన్న నీటికాకి మింగలేదు. వచ్చేసారి పిల్లను ఇంకాస్త పెద్ద సైజులో వదిలితే మొదట్లో పోయేది కూడా తగ్గుతుంది. ఈ మాట మేము చెప్పేలోపే ఆయనే అన్నాడు. చేపల సంగతి మాకన్నా ఆయనకే బాగా తెలుసు.

పాటదారు మెత్తబడ్డాడు గానీ పంచాయతీ పని ఆగలేదు. పూడిక తీయడానికి డబ్బు శాంక్షన్ అయింది. నెలలు ఆపమంటే వెనక్కి పోతుందని భయం. ఇక్కడే ఆ దశల లెక్క అక్కరకొచ్చింది. "పక్షులున్నాయి, చెట్లు కొట్టొద్దు" అని అర్జీ పెడితే, "ఎప్పటిదాకా?" అని అడుగుతారు. "ఎప్పటికీ" అంటే ఏ సర్పంచీ ఒప్పుకోరు. మేము తేదీ చెప్పాం. నత్తగుల్ల కొంగ గుడ్లు పొదగడానికి పాతిక రోజులు, పిల్ల గూడు వదలడానికి ఇంకో ముప్పై ఐదు రోజులు పడుతుంది. ఎర్రకాళ్ళ కొంగకు పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి రెండు నెలలు. ఫిబ్రవరి మొదటి వారంలో అన్నిటికన్నా వెనకబడ్డ గూళ్ళు ఎర్రకాళ్ళ కొంగవి రెండు, అప్పుడే గుడ్ల మీద కూర్చున్నాయి. అంటే మే మొదటి వారానికి అవి కూడా ఎగిరిపోతాయి. చెరువులో నీళ్ళు కూడా అప్పటికే అడుగంటుతాయి, కాలువకు మళ్ళీ నీళ్ళు వదిలేలోపు పూడిక పనికి వ్యవధి ఉంటుంది. మే 10 తర్వాత తిప్ప మీద పని మొదలుపెట్టండి, ఈలోపు గట్టువైపు పూడిక తీసుకోండి అని రాశాం. దానికి రెండేళ్ళ లెక్కలు, చుక్కలు పెట్టిన ఫొటోలు జతచేశాం.

అటవీ శాఖకూ ఒక కాపీ ఇచ్చాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్ళను చెదరగొట్టడం కూడా ఉన్నాయి. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, మాకూ మేడమ్ చెప్పేదాకా తెలియదు. అర్జీలో ఆ మాట ఒక్క వాక్యంలో రాసి వదిలేశాం. చట్టం పేరు చెప్పి బెదిరిస్తే గూళ్ళు ఆ ఏడాదికి మిగులుతాయేమో గానీ, మరుసటేడు గూడు కట్టకముందే చెట్టు పోతుంది. బీట్ ఆఫీసర్ వచ్చి గూళ్ళు చూసి, మా లెక్క సరేనని రాసిచ్చాడు. ఒక ఆఫీసులో మాత్రం మా కాగితం మూడు టేబుళ్ళు తిరిగి, మొదటి టేబుల్ మీదికే వచ్చింది. సోమవారం గ్రీవెన్స్‌లో మళ్ళీ ఇచ్చాక కదిలింది.

పంచాయతీ సమావేశానికి మమ్మల్ని రమ్మన్నారు. రెట్టల వాసన వస్తోందని ఒకరు, ముళ్ళు గేదెల కాళ్ళకు దిగుతున్నాయని ఇంకొకరు. బర్డ్ ఫ్లూ భయం ఒకరిది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో వచ్చాక ఆ భయం ఊళ్ళలో బాగా నాటుకుంది. అది వట్టి భయం అని కొట్టిపారేయలేదు. చచ్చిన పిట్ట కనపడితే ముట్టుకోకుండా పశువుల డాక్టరుకు ఫోన్ చేయాలని, వారం వారం మేమే వచ్చి చూస్తామని చెప్పాం. అప్పుడు పాటదారు లేచాడు. "కొంగలన్నీ ఒకటి కాదండీ. అరవై గూళ్ళు గుల్లలు తినేవాటియ్యి. నేను చూశా. మే దాకా ఆగితే నాకేం నష్టం లేదు" అన్నాడు. ఆయనే అన్నాక ఇంకెవరూ అడ్డు చెప్పలేదు. సర్పంచి గారు తేదీతో సహా తీర్మానం రాయించారు.

సర్కారు తుమ్మ గురించి మాలో మాకే వాదన నడిచింది. అది మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. చెరువుల్ని, బీళ్ళను ఆక్రమించేస్తుంది. ఊరివాళ్ళు దాన్ని తీసేయాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ముళ్ళుండబట్టే పిల్లులూ మనుషులూ ఎక్కలేరు, అందుకే కొంగలు దాన్ని వదలవు. చివరికి కుదిరిందేమిటంటే, తిప్ప మీద తుమ్మను ఒకేసారి కాకుండా ఏడాదికి కొంత తీయడం, తీసిన చోట నల్లతుమ్మ పెట్టడం. నల్లతుమ్మ మన చెట్టే, నీళ్ళలో నిలబడినా బతుకుతుంది, దానికీ ముళ్ళున్నాయి. గట్టు మీద కానుగ, నేరేడు. ఇది సరైన దారి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మన పిట్టలు కావాలంటే మన చెట్లు కావాలి, కానీ కొత్త చెట్టు ఎదిగేదాకా పాతదాన్ని ఉంచాలి.

ఆ వేసవి అంతా సాఫీగా సాగిందని చెప్పను. ఏప్రిల్‌లో గాలివానకు గూళ్ళున్న కొమ్మ ఒకటి విరిగి నీళ్ళలో పడింది. అందులో పిల్లలు దక్కలేదు. గట్టువైపు పనిచేస్తూ తిప్పకు ఆనుకున్న ఒక చెట్టును జేసీబీ లాగేసింది. అదృష్టవశాత్తూ దాని మీద ఉన్నవి ఖాళీ గూళ్ళు. మే మొదటి వారంలో ఆ ఆఖరి ఎర్రకాళ్ళ కొంగ పిల్లలు గూటి అంచున నిలబడి రెక్కలాడిస్తున్నాయి. ఒళ్ళంతా బూడిద రంగు, తల్లి గులాబీ ఈకల పోలిక ఎక్కడా లేదు. తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి గూడు ఖాళీ. తిప్ప మీద పని ఆ తర్వాతే మొదలైంది.

వానల్లో పెట్టిన మొక్కల్లో చాలావరకు మేకలు తినేశాయి. మళ్ళీ పెట్టాం, ఈసారి తుమ్మకంపతోనే కంచె కట్టాం. గేదెల పెద్దాయన కాపలా ఉంటున్నాడు. మరుసటి చలికాలం నత్తగుల్ల కొంగలు దాదాపు అన్నీ వచ్చాయి. ఎర్రకాళ్ళ కొంగలు మూడు గూళ్ళే కట్టాయి. చెట్లు తగ్గినందుకా, ఆ ఏడాది నీళ్ళు తక్కువైనందుకా అన్నది ఒక్క ఏడాది లెక్కతో తేలదు. లెక్క సాగుతూనే ఉంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా జరిగే పక్షుల గణనకు ఇప్పుడు ఆ ఊరి హైస్కూలు పిల్లలు కూడా వస్తున్నారు. చింతవొక్కును మాకన్నా ముందు వాళ్ళే పట్టేస్తున్నారు.

పోయిన నెలలో చెరువు పాట మళ్ళీ జరిగింది. ఈసారి పాడుకున్నది వేరే ఊరి ఆయన. తిప్ప మీద మిగిలిన తుమ్మను తీయించమని అప్పుడే పంచాయతీలో అడిగాడట. వచ్చే ఆదివారం కాగితాలు, టెలిస్కోప్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్తున్నాం. మురుగుకాలువ దగ్గరికి తాను తీసుకొస్తానని పాత పాటదారు ఫోన్ చేసి చెప్పాడు.